ఐదు గంటల ఫొటో

తెల్లవారి ఐదింటికి లేచి చదివేవాళ్ళకే పీహెచ్‌డీ వస్తుందని మా గైడ్ నమ్మకం. అందుకని తన దగ్గరున్న పరిశోధక విద్యార్థులందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేసి, రోజూ ఐదింటికల్లా తెరిచిన పుస్తకం ఫొటో పెట్టమన్నారు. వనపర్తిలో అద్దెగదిలో నేను కళ్ళు నులుముకుంటూ ఫొటో తీసేసరికే, గద్వాల పక్క ఊరి నుంచి ఒకమ్మాయి ఫొటో వచ్చి ఉండేది. నాకన్నా జూనియర్. ఒక్కరోజూ తప్పేది కాదు. ఏ మనిషీ అంత బుద్ధిగా ఉండడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఆ ఫొటోలు పెద్దవి చేసి చూడడం మొదలుపెట్టాను. పుస్తకాలు మారతాయి గానీ, పక్కనున్న రబ్బరు కదలదు. టీ గ్లాసు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇవన్నీ తేల్చేసరికి బారెడు పొద్దెక్కేది, ఆపైన నిద్ర ముంచుకొచ్చేది. నెలాఖరుకు నేను నాలుగో అధ్యాయం ఇవ్వాలి. ఇవ్వకపోతే గడువు పొడిగించరు, ఇన్నేళ్ళ చదువు గంగలో కలుస్తుంది. ఆ భయంతో ఆమె ఫొటోలే ఇంకాస్త శ్రద్ధగా చూశాను.

ఒకరోజు ఏదో లైను పోయి రాత్రంతా కరెంటు లేదు. గద్వాలలో ఉండే మా మేనమామకు ఫోన్ చేసి కనుక్కున్నాను, అక్కడా లేదట. ఆమె ఫొటోలో మాత్రం పుస్తకం మీద ట్యూబులైటు వెలుతురు! దొరికిందనుకుని దొరికిన బస్సెక్కాను.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ చేను దారి చూపించింది. అక్కడ ఆ అమ్మాయి తలకు తువ్వాల చుట్టుకుని, విత్తనాల కోసం పెంచే పత్తిలో మగపువ్వును ఆడపువ్వుకు అద్దుతోంది.

"పొద్దుగాల పుస్తకం ముంగట ఉంటివి గదా?" అన్నాను.

సిగ్గుపడుతుందనుకున్నాను. నవ్వింది.

"ఆదివారం అన్ని ఫొటోలు ఒక్కపారే తీసి పెట్టుకుంటనన్నా. పొద్దుగాల ఒకటి పంపి చేన్లకొస్త. ఎండెక్కినంక పువ్వు పనికిరాదు. గప్పుడు ఇంటికి పోయి రాస్త."

"మరి సార్‌ను మోసం చేస్తున్నట్టే గదా?"

"సార్‌కు ఫొటో కావాలె, ఇస్తున్న. చాప్టర్ కావాలె, గదీ ఇచ్చిన. నాలుగోది గూడ అయిపోయింది."

నాకు ఒళ్ళు మండింది. చేనులో ఇంత పని చేసి నాలుగో అధ్యాయమా? ఎవరిచేతనో రాయిస్తోందనిపించింది. బస్టాండుకు రాగానే గైడ్‌కు ఫోన్ కలిపాను. కొన్నాళ్ళుగా నేనే ఆయన ఫోన్ ఎత్తకుండా తప్పించుకు తిరుగుతున్న సంగతే ఆ ఊపులో మరిచిపోయాను.

"సార్, ఆ అమ్మాయి నాలుగో చాప్టర్ నిజంగా ఇచ్చిందా?"

"ఇచ్చింది. ముంగట కూసోబెట్టి అడిగిన, అన్నిటికీ జవాబు చెప్పింది," అన్నారు. "బస్సుల చప్పుడు ఇనవడుతుంది. యాడున్నవ్ నువ్వు?"

"గద్వాలలో, సార్."

"ఇంత పొద్దుగాల గద్వాలల నీకేం పని? నాకెందుకో అనుమానంగ ఉంది. రేపు రాసిందంత పట్కొని రా. చూసినంకనే గడువు కాయితం మీద సంతకం."

సరే సార్ అన్నాను. రాసిందంతా అంటే, కాగితం మీద అధ్యాయం పేరొక్కటే ఉంది.