తాళం పట్టుకుని నిద్రపోయిన ప్రోగ్రాం

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేసి లేచిపోయే రకం నేను. కంప్యూటర్ల పని చేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. అయినా ఇది చెప్పాలి.

హైదరాబాద్‌లో సందుకొక సాఫ్ట్‌వేర్ బోర్డు వెలుస్తున్న రోజులవి. అక్కడి ఉద్యోగానికి సెలవు పెట్టి నేను బీదర్ వెళ్లాను. మా అక్క సంగమ్మ ఆ ఊళ్లోనే నౌబాద్ అనే పేటలో ఒక చిన్న షెడ్డులో కందిపప్పు ఏరే యంత్రం తయారు చేయిస్తోంది. కెమెరాతో చూసి, రంగు మారిన గింజను గాలితో ఊది పక్కకు తోసేస్తుంది అది. దాని కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం, కెర్నెల్ అంటాం, నేనే మార్చి ఇచ్చాను.

అక్కడి ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో పప్పుల సేటు ఒకాయన మొదటి యంత్రం తీసుకుంటానన్నాడు. ఆయన ముందు అది ఆగిపోతే రెండోది ఎవరూ అడగరు. అందుకే దానిమీద మోయగలిగినంత పని మోపి పరీక్షిస్తున్నాం. ఒక్కోసారి పొద్దంతా నడిచేది. ఒక్కోసారి చాయ్ తాగి వచ్చేలోపే తెర బిగుసుకుపోయేది. ఎక్కడ ఆగుతోందో తెలియాలని ప్రోగ్రాంలో అదనంగా కొన్ని లైన్లు చేరిస్తే అసలు ఆగేదే కాదు. అవి తీసేస్తే మళ్లీ మొదలు.

ఒక మధ్యాహ్నం షెడ్డులో ఫోన్ మోగితే అక్క ఎత్తింది.

"నీకే తమ్మీ. హైదరాబాద్‌కెళ్లి ఫోన్, మీ రాజయ్య సారట."

నాకు పని నేర్పిన సారు. గొంతు ఆయనదే. ఎలా ఉన్నారని అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు.

"తాళం పట్టుకొని నిద్రపోతాంది చూడు. మెమరీ అడిగే కాడ," అని పెట్టేశారు.

వెళ్లి చూశాను. నిజమే. కెమెరా బొమ్మను అందుకునే చోట నా ప్రోగ్రాం ఇంకెవరూ రాకుండా తాళం వేసుకుని, ఆ తర్వాత మెమరీ అడుగుతోంది. మామూలుగా వెంటనే దొరుకుతుంది. పని ఎక్కువై మెమరీ కరువైనప్పుడు మాత్రం, దొరికేదాకా తాళంతో సహా నిద్రపోతోంది. మిగతావన్నీ ఆ తాళం కోసం కాచుకుని కూర్చుంటున్నాయి. మెమరీ ముందే తీసుకుని, తర్వాత తాళం వేసేలా మార్చాను.

యంత్రం మళ్లీ ఆగలేదు. సేటు పిడికెడు పప్పు అరచేతిలో పోసుకుని చూసి తలూపాడు. ఆ రోజు అక్క అందరికీ పప్పూ బెల్లం పెట్టి పోలెలు చేసిపెట్టింది.

కృతజ్ఞతలు చెబుదామని సారు ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది. నాకు ఫోన్ వచ్చిన ఆ మధ్యాహ్నం సారు ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నారట. స్పృహ రాగానే "తాళం తీసిండా?" అని అడిగారట. ఇంటి తాళం గురించేమో అనుకుందట ఆమె.

యంత్రం సంగతి నేనెప్పుడూ ఆయనకు చెప్పలేదు. షెడ్డు నంబరు ఇవ్వలేదు.

సారు కోలుకున్నాక వెళ్లి అడిగాను.

"నేనైతే ఫోన్ చెయ్యలే. మత్తుల ఏమన్ననో యాదికి లేదు. మిషిన్ మంచిగ నడుస్తున్నదా?"

నడుస్తోందన్నాను. ఆయన ముఖం వెలిగింది. దాని గురించే అడిగి అడిగి చెప్పించుకున్నారు.

ఫోనెత్తింది తనేనని, ఆయన పేరు తన చెవులతో విన్నానని అక్క ఇప్పటికీ అంటుంది. ఎవరు చేశారో నాకు ఈనాటికీ తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా లెక్క కుదరలేదు. సారు బతికి బయటపడ్డారు, అక్క షెడ్డు నిలబడింది. ఇంకా తవ్వాలని నాకూ అనిపించడం లేదు.