తొమ్మిదో వరుసలో ఒక అక్షరం

ఆ వైద్య కళాశాలలో ఆవిడను ఎదురుగా మేడం అనేవారు, చాటున జల్లెడమ్మ అనేవారు. డాక్టర్లకు కావలసిన పరిశోధన పత్రాలు వెతికి పెట్టడం ఆవిడ పని. రెండో అంతస్తు లైబ్రరీలో ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. అత్తగారికి ఆ ఉద్యోగమేమిటో ఏనాడూ అంతుబట్టలేదు. కోడలు పుస్తకాలకు దుమ్ము దులుపుతుందని చుట్టాలకు చెప్పేది.

ఆ ఏడాది పిల్లల విభాగం పెద్ద డాక్టరు ఒక ప్రశ్న తలకెత్తుకున్నారు. ఇన్ఫెక్షన్ సోకిన పసికందులకు ఇచ్చే ఒక మందును రోజుకు రెండుసార్లు కాక, ఒక్కసారే పెద్ద మోతాదులో ఇవ్వవచ్చా అన్నది. దానిమీద ఎక్కడ ఏ పరిశోధన జరిగినా పోగుచేసి, పనికొచ్చేవి ఏరి, అన్నీ కలిపి తేల్చాలి. పోగుచేయడం ఆవిడ వంతు. ఏయే మాటలతో వెతకాలో వరుసలుగా రాసి కంప్యూటరుకు ఇస్తే నాలుగు వేల పైచిలుకు పత్రాలు వచ్చాయి. ఇద్దరు జూనియర్ డాక్టర్లు ఎనిమిది నెలలు కూర్చుని వాటిని వడగట్టి పద్దెనిమిది మిగిల్చారు. కొత్త పద్ధతే మేలని తేలింది. ఆ మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రి కమిటీ సమావేశం. సంతకాలు పడితే మర్నాటి నుంచే వార్డులో అమలు.

అదే రోజు ఉదయం పదిన్నరకు, నివేదిక చివర జతచేయడానికి తన వరుసలు సరిచూసుకుంటూ ఆవిడ తొమ్మిదో దాని దగ్గర ఆగిపోయింది. ఆ మందుకు పాతకాలపు పేరు ఒకటుంది. అందులో ఒక అక్షరం తప్పు పడింది. కంప్యూటరు తప్పని చెప్పదు, ఆ పేరుతో ఏమీ లేదని ఊరుకుంటుంది. పాత పేరుతో ఉన్న పత్రాలేవీ వలలో పడనే లేదు.

అక్షరం సరిదిద్ది మళ్లీ వెతికింది. కొత్తగా అరవై ఒకటి వచ్చాయి. గబగబా చూస్తూ పోతే రెండింటిని ప్రింటు తీసింది. పెద్ద మోతాదు తీసుకున్న పిల్లల్లో కొందరికి తర్వాత వినికిడి తగ్గిందని ఆ రెండూ చెబుతున్నాయి.

తను నోరు విప్పకపోతే ఇది పైవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ భర్తకు ఫోన్ చేసింది. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. అంతా విని ఒకటే అడిగాడు.

"అచ్చులోకి వెళ్లిందా?"

"ఇంకా లేదు. మూడింటికి."

"అయితే ఇంకా ప్రూఫే కదా. వెళ్లి చెప్పెయ్."

వార్డు గుమ్మం దగ్గర ఆ ఇద్దరిలో ఒక జూనియర్ డాక్టరు ఎదురైంది. విషయం వినగానే ఆ పిల్ల ముఖం పాలిపోయింది. మీటింగ్ అయిపోయాక నెమ్మదిగా చూసుకుందామని బతిమాలింది. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికి నడిచింది.

పెద్ద డాక్టరు ఒక శిశువు పాదం పట్టుకుని చూస్తున్నారు. ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా ఆ పాదం వదలలేదు.

"ఎనిమిది నెలలు, మేడం."

"తప్పు నాదే సార్. జూనియర్లదేం లేదు."

ఆయన ఆ రెండు పత్రాలు అందుకుని కిటికీ దగ్గర నిలబడే చదివారు. చదివిందే మళ్లీ చదివారు. మూడింటికి మీరే వచ్చి చెప్పండి అని మాత్రం అన్నారు. అది శిక్షో గౌరవమో ఆవిడకు తెలియలేదు.

కమిటీలో పదకొండు మంది. ఆవిడ లేచి నిలబడి తన వరుసల కాగితం బల్లమీద పెట్టింది. ఇన్నాళ్లూ ఏం చేశారని ప్రిన్సిపాల్ కటువుగా అడిగారు. ఆవిడ సంజాయిషీ చెప్పుకోలేదు. ఏ వరుసలో ఏ అక్షరం పోయిందో, దానివల్ల ఏమేం జారిపోయాయో చెప్పి ఆగింది. చివరికి పెద్ద డాక్టరే నిర్ణయం వాయిదా వేయమన్నారు.

మరో ఆరు వారాలు పట్టింది. అరవై ఒకటిలో నాలుగు పనికొచ్చాయి. కొత్త పద్ధతి వచ్చింది కానీ మోతాదు తగ్గింది, మందు తీసుకున్న ప్రతి శిశువుకూ వినికిడి పరీక్ష తప్పనిసరైంది. ఆవిడకు ప్రిన్సిపాల్ నుంచి మెమో వచ్చింది. అచ్చయిన నివేదికలో రచయితల వరుసలో ఆవిడ పేరూ వచ్చింది. రెండూ ఒకే వారంలో. ఏది ముందు చదవాలో తెలియక భర్త చేతికిచ్చింది. ఆయన అలవాటు కొద్దీ మెమోలో రెండు అక్షరదోషాలు పట్టాడు. ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

అప్పటినుంచి తన వరుసలను పక్క ఊరి కళాశాల లైబ్రేరియన్ చూడనిదే ఎవరికీ ఇవ్వడం లేదు. ఆయన వరుసలు ఈవిడ చూస్తుంది. మొదటిసారి పంపినప్పుడే ఆయన ఫోన్ చేసి, నాలుగో వరుసలో ఒక బ్రాకెట్ మూయలేదమ్మా అన్నాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, చెప్పండన్నయ్యా, ఇంకా ఏమున్నాయి అని పెన్ను తీసుకుంది.