పసుపు కింద దాగిన మచ్చ

ఆ పొద్దున మా ఆయన చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పక్కకు నెట్టేసి, ఉట్టి సంగటి మజ్జిగలో కలుపుకున్నాడు. కారం లేనిదే ముద్ద దిగని మనిషి. అప్పుడే నాకు తేడాగా అనిపించింది.

"నోట్లో ఉడుకు చేసిండాది, అంతే లేమ్మే," అన్నాడు.

మాది మైదుకూరు. ఆయన పసుపు వ్యాపారి. పెళ్లినాటి నుంచీ చూస్తున్నాను, ఎడమ బుగ్గలో వక్కాకు, పొగాకు ఉండాల్సిందే. ఆ బుగ్గలోనే పుండు లేచింది. మా ఇంట్లో ఏ పుండుకైనా మందు పసుపే. మంచి కొమ్ము ఏరి, అరగదీసి, నెయ్యి కలిపి నేనే పూసేదాన్ని. పళ్ల డాక్టరు దగ్గరికి కూడా పూసే పంపాను. ఆ డాక్టరు టార్చి వేసి చూస్తే బుగ్గంతా పచ్చగా ఉంది. విటమిన్ మాత్రలు రాశాడు.

కొన్ని నెలలకు నోరు సరిగా తెరుచుకోవడం మానేసింది. కడపలో పెద్ద డాక్టరు గాజుగుడ్డతో పసుపంతా తుడిచాడు. కింద తెల్ల మచ్చ, దాని అంచున ఎర్రగా పుండు.

"ఎన్నాళ్ల నుంచి పూస్తాండారమ్మా?" అన్నాడు.

పుండు లేచినప్పటి నుంచీ అని చెప్పాను. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి క్యాన్సర్ అని వచ్చింది.

కర్నూలులో ఆపరేషన్ చేసి బుగ్గలో గడ్డనూ, మెడలో లింఫ్ గ్రంథులనూ తీసేశారు. తీసిన దాంట్లో కొంచెం పరిశోధనకు దాచుకుంటామని ఒక డాక్టరమ్మ అడిగింది.

"కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని చిన్న చిన్న ముక్కలు ఉంటాయమ్మా. ఏ జీన్ ఎంత పని చేయాలో అదుపులో పెడతాయి. క్యాన్సర్ గడ్డలో వాటిలో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. దాన్నిబట్టి జబ్బు ఎవరికి పాకుతుందో, ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్పొచ్చేమోనని చూస్తున్నాం."

"మా ఆయనకు మళ్లీ వస్తాదా, రాదా?" అన్నాను. నాకు కావాల్సింది ఆ ఒక్క మాటే.

"ఒక మనిషికి ఇట్లా అని చెప్పేంత దూరం ఇంకా రాలేదమ్మా. మానకుండా చెకప్‌కు రండి."

అంత చిన్నవాటిని చూడగలిగినవాళ్లు ఈ ఒక్క మాట చెప్పలేరా అని నాకు ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం కట్టు కిందనుంచే ముద్దముద్దగా అన్నాడు: "బస్తాలోంచి పిడికెడు తీసి చూడందే మేం సరుకు బాగుండాదని చెప్తామా? తీసుకోనీలే."

తర్వాత రేడియేషన్. నోరంతా పుళ్లు, ముక్కులో రైల్స్ ట్యూబు, దాంట్లోంచే జావ. పొగాకు మాత్రం మళ్లీ ముట్టలేదు.

ఏడాది దాటాక బుగ్గలో కుట్లు వేసిన చోటు పక్కన ఇంకో తెల్ల మచ్చ కనబడింది. నేను చూసేసరికి ఆయన చెయ్యి పసుపు గిన్నె మీద ఉంది.

"చెయ్యి తియ్," అన్నాను.

"ఊరికే కొంచెం పూస్తాండాలేమ్మే."

గిన్నె లాక్కుని అలమారలో పెట్టాను. నోరు పుక్కిలింపించి అప్పటికప్పుడు కర్నూలు బస్సెక్కించాను. అక్కడ మళ్లీ ముక్క తీసి పరీక్ష చేశారు. అదీ క్యాన్సరే. "ఇంత చిన్నగా ఉన్నప్పుడే తెచ్చారు, మంచి పని చేశారు," అన్నాడు డాక్టరు. కొంచెం కోసి తీశారు, రేడియేషన్ అవసరం పడలేదు.

ఇప్పుడు మా ఆయన అంగట్లో బేరాలాడుతున్నాడు. మాట కొంచెం తడబడుతుంది, గొంతు మాత్రం తగ్గలేదు. ఊరుబిండి వేలి కొసకు అద్దుకుని నాకుతాడు. వారం వారం సెల్‌ఫోన్ టార్చి వేసి ఆయన నోరు నేనే చూస్తాను. సింహం నోట్లో తల పెడుతున్నావని ఎగతాళి చేస్తాడు. మళ్లీ వస్తుందా అంటే ఈరోజుకీ నాకు తెలియదు.

మీ ఇంట్లో ఎవరికైనా నోట్లో పుండో మచ్చో రెండు వారాలకు మానకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసుపు కూరలో వేసుకోండి. పుండును మాత్రం ఉన్నది ఉన్నట్టు చూపించండి.