గోల్‌కీ జైలుకీ మధ్య నా డెమో క్లాసు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు వచ్చు అంటే, ఎవరూ వాడని ఇంగ్లీషు మాటలు నాకు వచ్చు అని అర్థం. వాడే మాటలు అందరికీ వస్తాయి, అందులో గొప్పేముందని నా అభిప్రాయం. కోఠిలో చదువుకునేటప్పటి నుంచీ ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చోవడం నాకు అలవాటు. అక్కడే అట్టలు ఊడిపోయిన ముసలి డిక్షనరీ ఒకటి దొరికింది. కొన్ని మాటల పక్కన, ఇవి ఇప్పుడు వాడుకలో లేవు అని తెలిపే చిన్న గుర్తు ఉండేది. బుద్ధున్నవాళ్లు ఆ గుర్తు చూసి పేజీ తిప్పేస్తారు. నేను సరిగ్గా వాటినే ఏరి ఏరి బట్టీపట్టేదాన్ని. (మా ఇంట్లో ఎవరూ నాతో ఇంగ్లీషు మాట్లాడేవారు కాదు. తెలుగు కూడా అవసరమైతేనే మాట్లాడేవారు.) చూడ్డానికి ఒకేలా ఉండి అర్థాలు వేరయ్యే మాటల జంటలంటే మరీ పిచ్చి. స్టేషనరీ షాపు బోర్డు మీద ఇంగ్లీషు స్పెల్లింగులో 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' కనబడితే చాలు, లోపలికెళ్లి, "మీ షాపు కదలకుండా ఉంది అని రాసి ఉందండీ" అని చెప్పేదాన్ని. "కదిలితేనే పరేషానమ్మా, నీకేం కావాలె?" అనేవాడు షాపాయన.

అలాంటి నాకు ఉద్యోగం దొరికే దారి ఒక్కటే కనిపించింది. ఆబిడ్స్‌లో గడియారాల షాపు పైన, మేడ మీద ఒక స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాని యజమానిని అందరూ గ్యారంటీ సార్ అనేవారు. బోర్డు మీదా, పాంప్లెట్ల మీదా, నోటి మాటల్లోనూ ఆ ముక్క లేకుండా ఆయనకి వాక్యం పూర్తయ్యేది కాదు. నా సర్టిఫికెట్లు తెరిచి కూడా చూడలేదు. "డిగ్రీలు అందరికి ఉంటయమ్మా. ఆదివారం డెమో క్లాస్ చెప్పు. ఫ్రీ. పబ్లిక్ వస్తరు, వింటరు. మంచిగనిపిస్తే అక్కడికక్కడే ఫీజు కట్టి జాయినైతరు. జాయినైతే నౌకరీ నీదే, గ్యారంటీ. కాకుంటే..." అని రెండు చేతులూ దులిపి చూపించారు. అదీ గ్యారంటీయే అన్నమాట. ఇంట్లో నాన్న ఇంకో గ్యారంటీ ఇచ్చారు. ఈ ఉద్యోగం రాకపోతే సోమవారం నుంచి గౌలిగూడలో బాబాయి పార్సిల్ ఆఫీసులో కూర్చోవాలి. బాబాయి మంచివాడే. కానీ ఆ ఆఫీసులో పొద్దున్నుంచి రాత్రి దాకా "బరువెంత? ఏ ఊరు?" అన్న ముక్కలు తప్ప భాషతో పనే లేదు. తల్చుకుంటేనే ఏడుపొచ్చింది.

నా భయమల్లా పాఠం గురించి కాదు, అసలు వినేందుకు ఎవరైనా వస్తారా అని. పరుగెత్తుకుని నాంపల్లిలో ఉండే పిన్ని దగ్గరికి వెళ్లాను. మా పిన్ని అక్కడి విష్ణుసహస్రనామ పారాయణ బృందానికి నాయకురాలు. తాతగారి హయాంలో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం మాది, పిన్ని మాత్రం వచ్చిన మర్నాటి నుంచే ఊరంతా తనదే అన్నట్టు తిరిగే మనిషి. "జనమే కదుటే కావాలి? నేను తెస్తా. ఆదివారం మావాళ్లంతా ఖాళీయే" అంది. అందరినీ కూర్చోబెట్టి తర్ఫీదు కూడా ఇచ్చింది. "అర్థమైనా కాకపోయినా తలలూపండి. చివర్లో ఆ సారు, ఎవరు చేరతారు అనగానే టక్కున లేవండి. మిమ్మల్ని చూసి అసలువాళ్లు లేస్తారు. తరవాత మనం మెల్లిగా జారుకోవచ్చు."

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఎడమవైపంతా పిన్ని బృందం, పేరంటానికొచ్చినట్టు పట్టుచీరల్లో. కుడివైపు చూసి నా గుండె ఒక్క గంతు వేసింది. ఇస్త్రీ చొక్కాలు, జేబుల్లో పెన్నులు, నిటారుగా కూర్చున్న కుర్రాళ్లు! ఒక్క మొహమూ ఎరిగింది కాదు. అసలైన పబ్లిక్! గ్యారంటీ సార్ కూడా గుమ్మం దగ్గర నిలబడి ఎడమవైపు చూసి మురిసిపోతున్నారు. "ఫ్యామిలీలు వచ్చినయమ్మా, ఫ్యామిలీలు!" అని నా చెవిలో అన్నారు.

ఇక నేను రెచ్చిపోయాను. గమ్యం అనే అర్థమున్న గోల్‌తో మొదలుపెట్టాను, జి-ఓ-ఏ-ఎల్. పాతకాలంలో జైలుని జి-ఏ-ఓ-ఎల్ అని రాసేవారనీ, మధ్యలో రెండక్షరాలు చోటు మారితే గమ్యానికి బయల్దేరినవాడు కటకటాల వెనక తేలతాడనీ చెప్పాను. ఎడమవైపు నుంచి "జి ఏ ఓ ఎల్" అని ముక్తకంఠంతో, రాగంతో సహా వచ్చింది. (పారాయణం అలవాటు. ఒకరు చెప్తే మిగతావాళ్లు అందుకోకుండా ఉండలేరు.) తరవాత హియర్ కీ, వాడుక పోయిన హిదర్ కీ తేడా. హియర్ అంటే ఇక్కడ, హిదర్ అంటే ఇక్కడికి. అలాగే థిదర్ అంటే అక్కడికి, విదర్ అంటే ఎక్కడికి. కుడివైపు నుంచి ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఇధర్, ఉధర్, కిధర్! ఇది మన హైద్రాబాద్‌దే గదా, వాళ్లెట్ల ఎత్కపోయిన్రు?" హాలంతా ఘొల్లుమంది. ఎడమవైపువాళ్లు ఇంగ్లీషువీ ఉర్దూవీ కలిపి పారాయణం అందుకున్నారు.

చివరి అస్త్రంగా టుమారో పక్కన ఓవర్‌మారో రాశాను. "దీనర్థం ఎల్లుండి. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఎల్లుండికి మాట ఉండేది, తరవాత పోయింది" అన్నాను. "ఎల్లుండి లేకుంటే వాళ్ల టైలర్లు ఎట్ల బత్కుతున్నరు మేడమ్?" అని ఇంకో కుర్రాడు అడిగాడు, నిజంగా దిగులుపడుతూ. పిన్ని బృందంలో అందరికంటే పెద్దావిడ, గుసగుస అనేదే చేతకాని మామ్మగారు, "పాపం, ఎలా పారేసుకున్నారో ఏమో!" అని చెంగుతో కళ్లద్దుకుంది. నాకు గాల్లో తేలుతున్నట్టుంది.

సమయం చూసి గ్యారంటీ సార్ చెయ్యెత్తారు. "జాయినయ్యేటోళ్లు ఎవరెవరు?" కుర్చీలు కిర్రుమన్నాయి. ఎడమవైపు ఒక్కుమ్మడిగా లేచింది. కుడివైపూ ఒక్కుమ్మడిగా లేచింది. కుడివైపు చూసి నాకు ఆనందబాష్పాలు. ఎడమవైపు చూసి సార్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. ఆయన బల్ల ముందు కూర్చుని రసీదు పుస్తకం తెరిచారు. ఒక్కరూ ముందుకు రాలేదు. "మీరు కట్టండమ్మా, పెద్దోళ్లు" అన్నారు కుర్రాళ్లు. "భలేవారే, చదువుకోవాల్సిన పిల్లలు, ముందు మీరు" అంది పిన్ని. "అట్లెట్లయితది, ముందు మీరే." "అబ్బే, ముందు మీరే." ఇంత మర్యాద నాంపల్లి స్టేషన్ టికెట్ల క్యూలో కూడా నేనెప్పుడూ చూడలేదు. చివరికి ఓ కుర్రాడు వాచీ చూసుకుని సార్ దగ్గరికి వంగాడు. "సార్, ఇగ మేం పోతం. షాప్ తెరిచే టైమైంది. మీ బామ్మర్ది తిడ్తడు." సుల్తాన్ బజార్‌లో సార్ బావమరిదికి చీరల దుకాణం ఉంది. ఈ పెన్నుల కుర్రాళ్లంతా ఆ కొట్టులో చీరలు మడతపెట్టేవాళ్లు! నేను నోరు తెరిచేలోపే మామ్మగారి గుసగుస మేడ దిగి వీధి దాకా వినిపించింది. "అమ్మాయీ, మీ పిన్ని చెప్పినట్టే లేచాం కదా, సరిగ్గా చేశామా?"

సార్ నన్ను చూశారు. నేను సార్‌ని చూశాను. ఇంగ్లీషు కోసం వచ్చిన మనిషి ఆ హాల్లో ఒక్కరు కూడా లేరు. గౌలిగూడ పార్సిల్ మూటలు నా కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. సార్ రసీదు పుస్తకం మూసి, బల్ల మీద తల ఆనించారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని మంచినీళ్లు తీసుకెళ్లాను. ఆయన నవ్వుతున్నారు. "నేను బామ్మర్దిని వారం బతిమిలాడితే గింతమంది వచ్చిన్రు. నువ్వు ఒక్క మాటంటే గా సైడంత నిండింది. ఇంగ్లిష్ చెప్పెటోళ్లు ఆబిడ్స్‌ల గల్లీకొకరున్నరమ్మా. జనాన్ని తెచ్చెటోళ్లు ఏరి? రేపటి నుంచి వచ్చెయ్." ఆ విధంగా నా ఉద్యోగం నా ఇంగ్లీషుకి కాక, మా పిన్ని పలుకుబడికి వచ్చింది. సిగ్గుపడాలో ఎగిరి గంతెయ్యాలో తెలియక, నిలబడ్డచోటే నిలబడిపోయాను.

పనైపోయింది కదా, అందరూ వెళ్లిపోవచ్చు. కానీ మామ్మగారు కదల్లేదు. "మిగతా మాటలు ఎప్పుడు చెప్తావు?" అంది. మెట్ల దాకా వెళ్లిన కుర్రాళ్లు కూడా ఆగారు. "జర ఇంకో రెండు చెప్పుండ్రి మేడమ్, సేటుకు ఏదో ఒకటి చెప్తం" అన్నారు. చాక్‌పీసు మళ్లీ అందుకున్నాను. ఆ రోజు సుల్తాన్ బజార్‌లో ఒక చీరల కొట్టు చాలా ఆలస్యంగా తెరుచుకుంది.

ఇప్పుడు నా క్లాసులకి ఎవరినీ బతిమిలాడి పిలవక్కర్లేదు. ఫీజు కట్టినవాళ్లే వస్తారు, ఫోను బల్ల మీద పెట్టుకుని, "ఇది ఇంటర్వ్యూలో అడుగుతారా మేడమ్?" అంటారు. అడగరు అంటే రాసుకోవడం ఆపేస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల అవసరం వాళ్లది. కానీ ఒక్కోసారి బోర్డు వైపు తిరిగి రాస్తున్నప్పుడు, వెనక ఎవరైనా రాగం తీసి అందుకుంటారేమోనని నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. హాలంతా అద్దెజనమని తెలియక, లోకమంతా తన పాఠం కోసమే వచ్చిందని వెలిగిపోయిన ఆ పిల్లని తల్చుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, కాస్త అసూయగా కూడా ఉంటుంది.