మీటరు చక్రం

మొన్న మా ఇంటి కరెంటు మీటరు మార్చినారు. కొత్తదాంట్లో తిరిగే చక్రం లేదు, చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంది, అంతే. దాన్ని చూస్తూ నిలబడితే అవ్వ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేండ్లు. బెంగళూరు చలికి అవ్వకు ఎముకల నొప్పులు పుట్టేవి, వేన్నీళ్ల స్నానం ఒక్కటే ఆమెకు సుఖం. పొద్దున్నే అమ్మ బకెట్లో హీటరు రాడ్డు పెట్టి, నన్ను మీటరు కింద నిలబెట్టేది.

"చక్రం మీది ఎర్ర గుర్తు రెండు నూర్లు తిరిగినాక నన్ను పిలువు. అంతకు మించితే బిల్లు కట్టేకి కాదప్పా" అని వంటింట్లోకి పోయేది.

నేను గట్టిగా లెక్కపెట్టేదాన్ని. నూరు దాటేసరికి కాళ్లు జివ్వుమనేవి. ఎంత తక్కువ తిరిగితే అంత మంచిదే కదా అనుకొని, నూటపదికే "అయిపాయె!" అని అరిచేదాన్ని. అమ్మ వచ్చి రాడ్డు తీసేది.

"నీళ్లు కాగినాయా అత్తా?" అని అమ్మ అడిగితే, బచ్చలింట్లో స్నానం చేస్తూ అవ్వ "బాగా కాగి ఉండాయి" అనేది.

ఆ నెల బిల్లు తగ్గింది. అమ్మ నా తల నిమిరింది. అవ్వ దగ్గుతూనే నవ్వింది. నా తెలివికి ఇద్దరూ మురిసిపోతున్నారనుకున్నాను.

మరుసటి చలికాలానికి అవ్వ లేదు.

నేను లెక్కపెట్టినంతసేపూ ఆమె టవలు భుజాన వేసుకొని నా పక్కనే గడప మీద కూచునేది. నూటపది దగ్గర నా లెక్క ఆగిపోవడం రోజూ వినేది. ఒక్కనాడూ అమ్మతో చెప్పలేదు.