పైక్‌లెట్ భోజనం, మంగళవారం తనిఖీ

నవంబరు రెండో మంగళవారం ఉదయం పదిన్నరకు, ఇళ్ళు అద్దెకిచ్చే గృహసంస్థ అధికారి ఒకరు గ్లెనిస్ బెబింగ్టన్ వంటింట్లోకి వచ్చి, బల్ల మీది ప్లాస్టిక్ డబ్బా మూత తీసి, లోపల బోర్లించి ఉన్న టీ కప్పును పైకెత్తారు. కప్పు కింద పెన్సిలంత లావైనా లేని పిల్లపాము ఉంది. ఏడు వారాలుగా ఏమీ తినని ఆ పాము సరిగ్గా ఆ క్షణంలో ఒక ఎలుకపిల్లను నోట కరుచుకుని ఉంది. వెలుతురు పడగానే వదిలేసింది. ఆ రోజు మళ్ళీ ముట్టలేదు. వస్తున్నట్టు ముందస్తు నోటీసు లేదు. వెళ్ళేటప్పుడు క్షమాపణ లేదు. అధికారి తన కాగితం మీద "పాములు: ఒకటి" అని రాసుకుని వెళ్ళిపోయారు.

జరిగిన అన్యాయం ఇది. ఇది చిన్నదని అనుకునేవారికి ముందుగా గ్లెనిస్ ఎవరో చెప్పాలి.

గ్లెనిస్‌కు అరవై ఆరేళ్ళు. లాంగ్టన్‌లో, మూతబడిన పింగాణీ కర్మాగారం వెనక వీధిలో, గృహసంస్థ వారి కింది అంతస్తు వాటాలో ఒంటరిగా ఉంటుంది. ఇరవై ఏడేళ్ళు ఒక ప్రాథమిక పాఠశాల భోజనశాలలో వడ్డన చేసింది. ఆ ఇరవై ఏడేళ్ళలో తన బల్ల నుంచి ఏ పళ్ళెమూ నిండుగా వెనక్కి పోలేదన్నది ఆమె గర్వం. అందుకు ఆమె పద్ధతి ఆమెకుంది. తినని పిల్ల కనిపిస్తే పిల్లల కుర్చీలోనే, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఆ పిల్ల ముఖంలోకి ప్రేమగా చూసేది. ఎంతసేపైనా చూసేది. చాలామంది పిల్లలు ఆ చూపు భరించలేక తినేసేవారు.

పాములతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. ప్రతి నెలా మొదటి గురువారం మధ్యాహ్నం వీధి చివరి పబ్బు మేడ మీద పాములూ బల్లులూ పెంచేవాళ్ళు కలుసుకుంటారు. వాళ్ళకు శాండ్‌విచ్‌లు చేసి ఇవ్వడానికి మాత్రమే ఆమె ఇరవై ఏళ్ళుగా మెట్లెక్కుతోంది. అక్కడ పెద్దమనిషి క్లిఫ్ సాల్ట్. ఒకప్పుడు బట్టీలో పింగాణీ కాల్చినవాడు, ఇప్పుడు ఇంటి వెనక గదిలో కార్న్ స్నేక్ అనే విషం లేని జాతి పాములను పొదిగిస్తున్నవాడు. ఈ సెప్టెంబరులో అతని చేతిలో ఒకే ఒక్క డబ్బా మిగిలి ఉండగా ఆమె చూసింది. పద్నాలుగు గుడ్లలో పదమూడు పిల్లలు బుద్ధిగా, గడ్డకట్టించి కరిగించిన చచ్చిన ఎలుకలకు అలవాటు పడి కొత్త ఇళ్ళకు వెళ్ళాయి. ఈ పద్నాలుగోది మొరాయిస్తోంది. భయంకొద్దీ ఒకటి రెండుసార్లు కదిలే ఎలుకపిల్లను వేశానని, దాంతో అది కదలని తిండిని తిండిగానే గుర్తించడం మానేసిందని, తప్పు తనదేనని క్లిఫ్ ఒప్పుకున్నాడు. బతికిన ఎలుకను వేయడం ఆ సంఘంలో సిగ్గుమాలిన పని. కొనేవాళ్ళు ఎలాగూ లేరు.

"తినడం లేదా?" అని గ్లెనిస్ అడిగిందట. ఆ మాట అడిగిన గొంతు విని, ఇక ఈ డబ్బా నా ఇంటికి తిరిగి రాదని అప్పుడే తెలిసిపోయిందని క్లిఫ్ అంటాడు.

ఆ పాముకు ఆమె పైక్‌లెట్ అని పేరు పెట్టింది. పైక్‌లెట్ అంటే పెనం మీద కాల్చే మెత్తని చిన్న రొట్టె. ఒంటి మీది గోధుమరంగు మచ్చలు అచ్చం అలాగే ఉంటాయి. పిడి విరిగి, అంచు పెచ్చు ఊడిన టీ కప్పును బోర్లించి దానికి ఇల్లు చేసింది. ఆ పెచ్చు సందే వాకిలి. వంటింటి తక్కెడలో తూచితే ఆరు గ్రాములు.

కరిగించిన తిండికి పాముపిల్లను ఒప్పించడం తెలియనివారికి తేలికగా కనిపిస్తుంది. క్లిఫ్ చెప్పిన ప్రకారం గ్లెనిస్ వెంట్రుక మొలవని ఎలుకపిల్లలను గడ్డకట్టినవే తెచ్చి, ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి, "తినకూడదు, నిజంగానే" అని చీటీ అంటించి ఫ్రీజర్‌లో దాచింది. వారానికి ఒకటి తీసి, ఆ పనికే కేటాయించిన పెద్ద కప్పులో వేడినీళ్ళు పోసి వేసేది. నీళ్ళ వేడి మణికట్టు మీద చుక్క వేసుకుని చూసుకునేది. వెచ్చబడితేనే వాసన లేస్తుంది. తుడిచి, పట్టకారుతో పట్టి కప్పు వాకిలి ముందు కదిలించేది. మొదటి వారం పైక్‌లెట్ పారిపోయింది. రెండో వారం గ్లెనిస్ ఎలుకపిల్లను వాసన లేని సబ్బుతో కడిగింది. పాము దాన్ని దాటుకుని వెళ్ళింది. మూడో వారం క్లిఫ్ తన పెంపుడు బల్లి విడిచిన కుబుసం ఇచ్చాడు. ఈ జాతి పిల్లలకు పుట్టుకతో బల్లుల మీదే మోజు కాబట్టి దాంతో ఎలుకపిల్లను రుద్దింది. పైక్‌లెట్ నాలుక ఆడించి, ఆలోచించి, వెనక్కి తిరిగింది. నాలుగో వారం ఎలుకపిల్ల తల మీద సూదితో చిన్న గాటు పెట్టమన్నాడు. అప్పటికే చచ్చిపోయిన ఆ ఎలుకపిల్లకు గ్లెనిస్ రెండుసార్లు క్షమాపణ చెప్పి, కళ్ళు మూసుకుని గుచ్చింది. ఫలితం లేదు.

గృహసంస్థ కథలోకి వచ్చింది ఆ వారంలోనే.

వార్షిక తనిఖీకి వచ్చిన అధికారి పేరు రోవన్ టన్నిక్లిఫ్. ముప్పై నాలుగేళ్ళు. నున్నగా దువ్విన జుట్టు, చేతిలో ఫైలు. గ్లెనిస్ టీ పెట్టింది. టీ చల్లారేలోగా ఈ ఊరివాళ్ళు ఎవరైనా చేసేదే ఆయనా చేశారు. కిటికీ దగ్గర ఉన్న పెద్ద కప్పు నచ్చి, అది ఏ కర్మాగారం సరుకో చూద్దామని, అడుగున ఉన్న ముద్ర కోసం తలకెత్తుగా ఎత్తి తిరగేశారు. తాతలు కుండలు చేసిన ఊరు. పెళ్ళివిందులోనైనా పళ్ళెం తిరగేయందే ఇక్కడ ముద్ద దిగదు. ఆ కప్పులో కరుగుతున్నది పైక్‌లెట్ భోజనం. గోరువెచ్చని నీళ్ళు చొక్కా చేతిలోకి, ఎలుకపిల్ల ఫైలు మీదికి వచ్చాయి.

ఆయన అరవలేదు. మర్యాదస్తుడు. ఎలుకపిల్లను రెండు వేళ్ళతో తీసి కప్పులో వేసి, "మంచి కప్పే" అని, టీ తాగకుండా వెళ్ళిపోయారు.

మూడు రోజులకు ఉత్తరం వచ్చింది. అందులో మూడు ఆజ్ఞలున్నాయి. చచ్చిన ఎలుకలు ఇంట్లో ఉండకూడదు. పాముల సంఖ్య, ఆరోగ్యం నిర్ధారణ అయ్యేదాకా ప్రతి మంగళవారం తనిఖీ ఉంటుంది. సహకరించకపోతే పామును తొలగించవలసి ఉంటుంది.

ఈ ఉత్తరాన్ని అద్దె ఒప్పందం పక్కన పెట్టి చదవాలి. ఒప్పందం తొమ్మిదో నిబంధన ప్రకారం డబ్బాలోనో పంజరంలోనో ఉండే ప్రాణికి అనుమతే అవసరం లేదు. పద్నాలుగో నిబంధన ప్రకారం అధికారి లోపలికి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు, ప్రతిసారీ, రాతపూర్వకంగా తెలపాలి. పదకొండో నిబంధన ఇంట్లో బతికిన ఎలుకలు ఉండకూడదంటుంది. ఇప్పుడీ ఉత్తరం చచ్చినవి ఉండకూడదంటోంది. ఎలుకల్లో మూడో రకం ఏదో, అది ఎక్కడ దొరుకుతుందో కార్యాలయమే సెలవివ్వాలి.

గ్లెనిస్ ఎదురు చెప్పలేదు. వచ్చినవాళ్ళకు తలుపు తీయడం, టీ పెట్టడం ఆమె అలవాటు. ఐస్‌క్రీం డబ్బాను మాత్రం క్లిఫ్ ఫ్రీజర్‌కు పంపేసింది. ఆ తర్వాత ప్రతి భోజనానికీ క్లిఫ్ ఒక ఎలుకపిల్లను కోటు జేబులో పెట్టుకుని, నిషిద్ధ వస్తువు చేరవేసేవాడిలా అటూ ఇటూ చూస్తూ వచ్చేవాడు. ఆరు వారాలైనా పైక్‌లెట్ తినలేదు. తక్కెడ ఐదు గ్రాములు చూపించింది. ఆ రోజు క్లిఫ్ కుర్చీ లాక్కుని కూర్చుని, కేసు విచారించినట్టు మొదటినుంచీ అడిగాడు.

"ఇవన్నీ చేసేటప్పుడు నువ్వెక్కడున్నావ్, గ్లెనిస్?"

"ఎక్కడుంటాను? పక్కనే. గడ్డం బల్ల మీద ఆనించి చూస్తూ కూర్చున్నా. దాని మానాన దాన్ని వదిలేస్తానా?"

"నీ ముఖం దాని డబ్బా కన్నా పెద్దది తల్లీ. అంత ముఖం నా పళ్ళెం మీదికి వంగితే నేనూ తినను."

"ఇరవయ్యేళ్ళుగా నా ముఖం చూస్తూనే నా శాండ్‌విచ్‌లు తింటున్నావ్."

"కళ్ళు మూసుకుని తింటున్నా. దానికి ఆ అదృష్టం లేదు, రెప్పల్లేవు."

అప్పుడు గ్లెనిస్, తన పద్ధతి ఒక్క పిల్లవాడి దగ్గర పనిచేయలేదని చెప్పింది. రెండో తరగతి. ఎంత ప్రేమగా చూస్తే అంత బిగుసుకుపోయేవాడు. ఒకరోజు వెనక బల్ల మీద పాలు ఒలికితే తుడవడానికి ఆమె అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి పళ్ళెం ఖాళీ. మర్నాటి నుంచి ఆ ఏడాదంతా రోజూ పావుగంట ఆ పిల్లవాడికి వీపు తిప్పి, గోడ మీది పండ్ల బొమ్మలు చూస్తూ నిలబడింది. చూడకుండా ఉండడం చూడడంకన్నా కష్టమైన పని అని అప్పుడే తెలిసిందట, తర్వాత మరిచిపోయిందట.

ఆ నవంబరు మంగళవారం ఉదయం ఆమె మొదటిసారి పైక్‌లెట్‌కు వీపు తిప్పింది. ఎలుకపిల్లను కప్పు వాకిట్లో పెట్టి, మూత వేసి, డబ్బా మీద గుడ్డ కప్పి, గోడ వైపు తిరిగి బంగాళాదుంపలు చెక్కుతూ నిలబడింది. అప్పుడే తలుపు గంట మోగింది. టన్నిక్లిఫ్ గారు.

"బాబూ, ఆ గుడ్డ మాత్రం తీయకు. తింటోందేమో."

"లెక్క చూసుకోవాలండీ మిసెస్ బెబింగ్టన్ గారూ. అర నిమిషం."

ఆమె కెటిల్‌లో నీళ్ళు పట్టేలోగా ఆయన గుడ్డ తీసి, మూత తీసి, కప్పెత్తారు. తర్వాతి సంగతి మొదటే చెప్పాను. ఒక్కటి చేర్చాలి. బోర్లించిన కప్పుకు అడుగు ముద్ర పైకే ఉంటుంది. కనీసం ఆ ముద్ర కోసం కూడా దాన్ని ఎత్తవలసిన అవసరం లేదు.

ఇంకో వారం తినకపోతే అది నిలవదని క్లిఫ్ ఆ సాయంత్రం చెప్పాడు. మామూలుగా హాస్యమాడే మనిషి, ఆ మాట నేల చూస్తూ చెప్పాడు.

ఇవాళ సోమవారం. ఉదయం పది గంటలకు, క్లిఫ్ ఇచ్చి వెళ్ళిన ఎలుకపిల్లతో గ్లెనిస్ మళ్ళీ అన్నీ చేసింది: వేడినీళ్ళు, కుబుసం, సూది గాటు, క్షమాపణ. గుడ్డ కప్పింది. ఈసారి తలుపు గంట తీగ కూడా పీకేసింది. గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది. ఇంట్లో ఉన్న దుంపలన్నీ చెక్కేసింది. పాము తింటే చప్పుడు రాదు, తినకపోయినా రాదు. పదకొండున్నరకు క్లిఫ్ తిరిగి వచ్చాడు. ముందు ఎవరు చూడాలన్న దాని మీద ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి క్లిఫ్ గుడ్డ కొస ఎత్తాడు.

పైక్‌లెట్ కప్పు వాకిట్లోంచి సగం బయటికి వచ్చి ఉంది. ఎలుకపిల్ల లేదు. ఒంటి నడిమిన, తాడుకు ముడి వేసినట్టు, చిన్న ఉబ్బు.

"మింగింది," అన్నాడు క్లిఫ్.

"మొత్తమా?"

"తోకతో సహా."

గ్లెనిస్ ఇరవై ఏడేళ్ళు అలవాటైన మాటే అంది. "మంచి బిడ్డ. ఇక పోయి ఆడుకో."

"ఆటల్లేవు," అన్నాడు క్లిఫ్, గుడ్డ మెల్లగా దించుతూ. "రెండు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. ఇప్పుడు బెదిరితే కక్కేస్తుంది. ఇంత చిన్నది కక్కిందంటే మళ్ళీ లేవదు."

రేపు మంగళవారం.

అందుకే ఈ కాగితం ఇవాళే గృహసంస్థ కార్యాలయానికి చేరుతోంది. ఆ రెండో తరగతి పిల్లవాడి పేరు ఇందులో రాయడానికి గ్లెనిస్ మొదట ఒప్పుకోలేదు. తిండికి మొరాయించిన సంగతి ఉద్యోగంలో ఉన్న మనిషికి గుర్తుచేయడం మర్యాద కాదన్నది. ఆయనను ఆమె మొదటి రోజే గుర్తుపట్టింది, ఆయన గుర్తుపట్టలేదు. ఆ ఎలుకపిల్లను తిరిగి కప్పులో వేసిన తీరు చూసి మాత్రం, చిన్నప్పుడూ పళ్ళెం తనే తెచ్చి ఇచ్చేవాడని అనుకుందట. వాడు చాలా మంచి పిల్లవాడని కూడా రాస్తేనే పేరు రాయమంది. రాశాను.

గృహసంస్థ అధికారులారా, పబ్బు మేడ మీది సంఘం తరఫున మా డిమాండు ఇది. రేపు రావద్దు. అక్టోబరు ఉత్తరాన్ని రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి, ఎలుకలను గ్లెనిస్ ఫ్రీజర్‌కు తిరిగి రానివ్వండి. క్లిఫ్ కోటు జేబు ఇంకో వారం తట్టుకోవడం కష్టం. నవంబరు రెండో మంగళవారం నోటీసు లేకుండా వచ్చినందుకు, ఒక ప్రాణి నోటిముందు కూడు తీసినందుకు క్షమాపణ చెప్పండి. ఇకముందు రాదలిస్తే ఇరవై నాలుగు గంటల ముందు తెలిపి రండి. టీ ఇస్తారు, తిరగేసే ముందు తాగండి. టన్నిక్లిఫ్ గారూ, ఆ బల్ల మీద గుడ్డ కప్పి ఉంటే మూత ముట్టకండి. గోడ వైపు తిరిగి, పావుగంట క్యాలెండరు చూస్తూ నిలబడండి. మీకోసం ఒక మనిషి ఏడాదిపాటు అలా నిలబడింది.