కరెంటొచ్చిన కచేరీ

ముంబై దగ్గరి భివండీలో, ధామన్కర్ నాకా కూడలిలో మరమగ్గాల స్పేరుపార్టులు అమ్మే వెంకటేశానికి, కూతురు మేఘన పియానో వాయిస్తుందని చెప్పుకోవడం గర్వమే. ఏం వాయిస్తుందని అడిగితే మాత్రం మాట మారుస్తాడు. పాట కాదు, భజన కాదు. దుకాణంలోంచి పట్టుకెళ్లిన నట్లు, తోలుముక్కలు పియానో తీగల మధ్య దూర్చి, ఒంటరిగా గంటసేపు దడదడలాడిస్తుంది.

"గిది రిపేరా, కచేరా బిడ్డా?" అని మొదట్లో అడిగాడు.

ముంబైలో దాన్ని ప్రయోగాత్మక సంగీతం అంటారు. విమర్శకులు తలలూపుతారు, శ్రోతలు మధ్యలో మెల్లగా జారుకుంటారు. అందరికంటే ముందు జారుకునేది వెంకటేశమే. ఎంత పేరొచ్చినా, కన్నతండ్రి ఒక్కసారీ ఆఖరుదాకా కూర్చోలేదన్న బాధ మేఘనను వదల్లేదు. అందుకే ఈసారి కచేరీ భివండీలోనే, కులసంఘం హాల్లో పెట్టుకుంది.

"బాపూ, ఈసారన్న ఆఖరుదాంక కూసో."

"కూసుంట బిడ్డా, ఒట్టు."

తోడు లేకపోతే తనవల్ల కాదని, తెలిసిన మగ్గం కార్మికులందరినీ వెంటబెట్టుకొచ్చాడు.

పియానో మొదలవగానే అందరూ హాయిగా వెనక్కి వాలారు. మగ్గాల చప్పుడులో నిద్రపోయే జనం. వాళ్లలో చిన్నయ్య అనే కార్మికుడైతే గురక కూడా పెట్టాడు. తర్వాత మేఘన తన సంగీతంలో భాగంగా ఎంతో మురిపెంగా కూర్చుకున్న మౌనం వచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. హాలంతా ఒక్క ఉదుటున లేచింది.

"కరెంటు పోయింది, చాయ్‌కి పోదాం పా!" అన్నాడు చిన్నయ్య కళ్లు నలుపుకుంటూ.

నెత్తిమీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, చూసిందెవరు? మగ్గాల దగ్గర చప్పుడు ఆగితే కరెంటు పోయినట్టే, ఇక చాయ్, అంతే. ఒకప్పుడు మగ్గం నడిపిన వెంకటేశమూ వాళ్లతో నడిచాడు. హాల్లో మిగిలిన ఒకే ఒక్కడు, ముంబై నుంచి వచ్చిన విమర్శకుడు, మురిసిపోతూ ఏదో రాసుకుంటున్నాడు. మేఘనకు ఏడుపొచ్చింది.

దిగమింగుకుని మళ్లీ వాయించింది. బయట గ్లాసుల చప్పుడు.

"కరెంటొచ్చింది, ఉరుకుండ్రి!"

అందరూ పరుగెత్తుకొచ్చారు, ముందు వెంకటేశం. మేఘన సంగీతం కోసం ఇంతవరకు ఎవరూ పరుగెత్తి రాలేదు.

కచేరీ ఇంకో పెద్ద మౌనంతో ముగియాలి. ఆ చోటు రానే వచ్చింది. తలెత్తి చూస్తే తండ్రి బడిపిల్లాడిలా కుదురుగా కూర్చున్నాడు. ఆమె వేళ్లు ఆపలేదు. లేని స్వరాలు కల్పించుకుంటూ పోయి, ఆఖరిది ఇంకా మోగుతుండగానే లేచి దండం పెట్టేసింది.

"కూసున్ననా లేదా?" అన్నాడు వెంకటేశం.

"కూసున్నవ్ బాపూ," అంది మేఘన.

చివర్లో ఆమె ధైర్యం చాలక రాజీపడిందని విమర్శకుడు రాశాడు. ఇన్నేళ్లలో ఆమె గురించి ఆయన రాసిన నిజం అదొక్కటే.